రెప్పయ్య చూడని బంతి

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. బంధువులు, బజారులో వాళ్లు, చివరికి కోపం వచ్చినప్పుడు కట్టుకున్నావిడ కూడా ఆయన్ని రెప్పయ్య అనే అంటారు. కన్ను ఆర్పడు కాబట్టి ఆ పేరు వచ్చింది. గోరంతలు కొండంతలు చేసి చెబుతున్న మాట కాదిది. ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లకి కాసేపటికి తమ కళ్లే మండటం మొదలయ్యేది. కాస్త రెప్పలు వాల్చవయ్యా బాబూ అని బతిమాలుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంతటి మనిషి చేసే వ్యాపారం ఏమిటయ్యా అంటే పరుపులమ్మడం. ఏడాది పొడుగునా జనాన్ని పడుకోబెట్టడమే ఆయన పని. బజారు మలుపులో, చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్నట్టుండి, లోపలికి వెళ్లేకొద్దీ పొడుగ్గా సాగే కొట్టు అది. గోడల వెంట చుట్టలు చుట్టి నిలబెట్టిన పరుపులు, మధ్యలో పరిచి చూపించడానికి కొన్ని మంచాలు, కూర్చుంటే చాలు కిర్రుమనే ప్లాస్టిక్ తొడుగులు. పడుకుని చూడకుండా ఎవరూ పరుపు కొనకూడదని రెప్పయ్య సిద్ధాంతం. చేత్తో నొక్కి చూసి బేరానికి దిగేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. మొగుడికి గట్టిదీ పెళ్లానికి మెత్తదీ కావాల్సివచ్చి కొట్లోనే మాటామాటా పెరిగిన జంటలని పక్కపక్కన పడుకోబెట్టి, లైటు తీసేసి, తను బయట అరుగు మీద నిలబడేవాడు. మధ్యాహ్నం ఫ్యాను గాలికి కొందరు నిజంగానే గుర్రుపెట్టేవారు. వాళ్లని లేపడానికి ఆయనకు మనసొప్పేది కాదు. లోపలి గదిలో తొడుగులు కుట్టే భార్య మిషను ఆపి, ఇది పరుపుల కొట్టా, ధర్మసత్రమా అని అడిగేది. హాయిగా నిద్రపోయినవాడు కొనకుండా పోడని ఆయన జవాబు. చాలామంది కొనకుండానే పోయేవారు.

అలాంటివాడు ఏడాదికి ఒక్క వారం కొట్టు తాళాలు భార్య చేతిలో పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నెత్తిన టోపీ పెట్టుకుని టెన్నిస్ క్లబ్బుకి బయలుదేరేవాడు. అక్కడి ఎర్రమట్టి కోర్టుల మీద ఎండాకాలం మొదట్లో మగవాళ్ల ప్రొఫెషనల్ టోర్నమెంటు జరుగుతుంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆటగాళ్లు దిగుతారు. మరీ పెద్ద పేరున్నవాళ్లు రారు. పేరు రాబోయేవాళ్లూ, పేరొచ్చి పోయినవాళ్లూ వస్తారు. ఆ టోర్నమెంటులో రెప్పయ్య లైన్ అంపైరు. గీత వెనకాల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడాలి. బంతి గీత దాటి పడితే చెయ్యి పక్కకి చాపి "అవుట్" అని అరవాలి. లోపల పడితే రెండు అరచేతులూ కిందికి చాపి నోరు మూసుకోవాలి. ఇంతే పని. కానీ ఆ బంతి ఎంత జోరుగా వస్తుందంటే, మామూలు మనిషి రెప్ప వాల్చి ఎత్తేలోపు అది పడి, లేచి, వెనక గోడకి తగిలి ఉంటుంది.

రాకెట్ పట్టుకున్న పాపాన కూడా పోని మనిషి అక్కడికెలా చేరాడన్నది వేరే కథ. పెళ్లికాని రోజుల్లో ఒకసారి, ప్రేక్షకుల బెంచీల మీద వేసే దిళ్లు క్లబ్బులో దింపి రమ్మంటే వెళ్లాడు. దిళ్లు దింపాడు గానీ తను వెనక్కి రాలేదు. కంచె పట్టుకుని, నోరు తెరుచుకుని ఆట చూస్తూ నిలబడిపోయాడు. ఆ రోజు లైన్ అంపైరు ఒకాయన ఎండదెబ్బ తగిలి కూలబడ్డాడు. సాయంత్రందాకా ఎవరో ఒకరు నిలబడాలి. అప్పటి క్లబ్బు పెద్దాయన చుట్టూ చూసి, "ఆ కన్నార్పకుండా చూస్తున్నవాణ్ణి పిలవండి" అన్నాడట. దిళ్లతో పాటు కుర్రాడూ మాయమైపోయాడని ఇక్కడ ఇంట్లో వాళ్లు వెతుకుతుంటే, అక్కడ ఆయన గీత వెనక వంగి నిలబడి ఉన్నాడు.

ఆ నేల ఆయన్ని పట్టేసింది. ఇటుకల్ని మెత్తగా పొడి చేసి పరిచిన నేల అది. పొద్దున్నే నీళ్లు చల్లినప్పుడు ముదురు రంగులో చల్లగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పాలిపోయి, ఆటగాళ్ల కాళ్ల కింద పొగలా లేస్తుంది. సాయంత్రానికి మేజోళ్లలో, చెవుల వెనక, కనుబొమల మీద అంతటా ఎరుపే. ఆ వారమంతా ఆయన స్నానం చేసిన నీళ్లు ఎర్రగా పారేవి. గీత ముందు వంగాక జనం గోల ఎక్కడో నీళ్లకింద నుంచి వస్తున్నట్టు దూరమైపోయేది. ఎండ, ఎరుపు, తెల్ల గీత, దాని మీదికి వచ్చే పచ్చటి బంతి, ఇవే మిగిలేవి. ఏడాదంతా తాను అమ్మే నిద్రలో తనకొచ్చే కలలన్నీ ఆ వారానివే.

మిగతా కోర్టులకి లేనిది ఎర్రమట్టికి ఒకటుంది. బంతి పడ్డచోట మచ్చ మిగులుతుంది. ఆటగాడికి అనుమానమొస్తే అడుగుతాడు. అప్పుడు ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరు నిచ్చెన దిగి, నడుచుకుంటూ వచ్చి, వంగి ఆ మచ్చని చూసి తీర్పు చెబుతారు. మచ్చ గీతని కాస్త తాకినా బంతి లోపల పడ్డట్టే. అన్నేళ్లలో రెప్పయ్య చెప్పిన అవుట్‌ల మీద ఎందరో అంపైర్లు నిచ్చెన దిగారు. చూసి, ఆయన వైపు తల ఊపి, మళ్లీ నిచ్చెన ఎక్కారు.

ఆయనకు పిల్లల్లేరు. చెల్లెలు నర్సు. ఆవిడ డ్యూటీలు ఎప్పుడు ఏ పూటో తెలిసేది కాదు. అందుకని చెల్లెలి కూతురు స్కూలు వదలగానే మామయ్య కొట్టుకి వచ్చేసేది. పరుపుల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకునేది, చుట్టల మధ్య దాక్కుని కొనడానికొచ్చిన వాళ్లని హడలగొట్టేది. టోర్నమెంటు అయిపోయాక కోర్టులు కొన్నాళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ సాయంత్రాలు రెప్పయ్య మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఒక ఆట ఆడించేవాడు. ఆయన దూరం నుంచి బంతి విసురుతాడు. అది గీత దగ్గర పడుతుంది. మచ్చ చూడకముందే లోపలో బయటో ఇద్దరూ చెప్పాలి. ఆ తర్వాత వెళ్లి వంగి చూడాలి. పిల్ల సగం సార్లు ఓడిపోయేది, ఆయన ఒక్కసారీ ఓడిపోయేవాడు కాదు.

ఒక రోజు మాత్రం పిల్ల లోపలంది, ఆయన బయటన్నాడు. చూస్తే మచ్చ గీతని తాకుతూ ఉంది. పిల్ల ఎగిరి గంతేసింది. రెప్పయ్య నవ్వి, "మట్టి తప్పు చెబుతుందేమో గానీ, నా కన్ను చెప్పదే" అన్నాడు. నేల తడిగా ఉన్నప్పుడు బంతి జారి మచ్చ సాగుతుందని కూడా ఏదో చెప్పాడు. ఆ రోజుకది నిజమో, ఓడిపోవడం ఇష్టంలేక అన్న మాటో ఆయనకే తెలియాలి. పిల్ల గంతులు ఆపి, మచ్చనీ మామయ్య కళ్లనీ మార్చి మార్చి చూసింది. ఇంటికొచ్చేసరికి ఆయన ఆ సంగతి మర్చిపోయాడు.

ఆ పిల్లే పెరిగి పెద్దదై తనూ గీత వెనక నిలబడింది. తర్వాత పరీక్షలు రాసి కుర్చీ ఎక్కింది. వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో చిన్నా చితకా టోర్నమెంట్లన్నీ తిరిగింది. గొంతు చించుకోదు, కంగారు పడదు, ఆటగాళ్లు మీదికొచ్చినా కుర్చీలోంచి కదలదు. ఈ ఏడాది సొంతవూళ్లో సెమీఫైనల్ కుర్చీ ఆమెకిచ్చారు. అది సవ్యంగా నడిపితే ఫైనల్ కూడా నీదే, ఆ తర్వాత పెద్ద టోర్నమెంట్లకి నీ పేరు నేనే పంపిస్తానని టోర్నమెంటు సూపర్‌వైజరు మాట ఇచ్చాడు. ఆయన కబుర్లరాయుడు కాదు, అన్నాడంటే చేసేవాడు.

ఇంకో కబురు కూడా అప్పుడే తెలిసింది. వచ్చే ఏటి నుంచి గీతల దగ్గర మనుషులుండరు. కెమెరాలు చూస్తాయి, మిషను "అవుట్" అంటుంది. లైన్ అంపైర్లందరికీ ఇదే ఆఖరి ఏడు. రెప్పయ్య ఆ మాట విని టోపీ తీసి దులుపుకున్నాడు. తర్వాత ఒక్కటే కోరిక బయటపెట్టాడు. మేనకోడలు ఫైనల్ కుర్చీలో కూర్చుంటే, ఆ ఆట గీత దగ్గర తను నిలబడాలి. ఆ ఒక్కటీ జరిగితే ఇక కెమెరాలేనా రానీ, కాకులేనా రానీ అన్నాడు.

అయితే అసలు చిక్కంతా ఆయన కంట్లో ఉంది. చలికాలంలో మొదలైంది. ఒకనాడు కొట్టు మూలన నిలబెట్టిన పరుపు చుట్టని చూసి, "రండి, లోపలికి రండి, కూర్చోండి" అని మర్యాద చేశాడు. లోపల భార్య మిషను ఆగిపోయింది. చీకట్లో సరిగా కనబడలేదని సర్దిచెప్పుకున్నాడు గానీ అప్పుడు మిట్టమధ్యాహ్నం. నిజం చెప్పాలంటే ఆ మసక మొదట్లో ఆయనకు బాగానే ఉంది. వీధిదీపాల చుట్టూ మెత్తటి వెలుగు చక్రాలు పూసేవి. ఎదుటి మేడలు పొగమంచులో తేలుతున్నట్టుండేవి. బజారంతా ఉతికి ఆరేసిన పాత చీరలా వెలిసిపోయి ముద్దొచ్చేది. భార్య మొహంలో ముడతలు కూడా మాయమయ్యాయి. ఆ మాట ఆవిడతో అంటే మెచ్చుకోలు కింద జమకట్టలేదు, చెయ్యి పట్టుకుని నేరుగా కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయన్నాడు డాక్టరు. భయపడాల్సిందేమీ లేదు, చిన్న ఆపరేషన్, చేస్తే మళ్లీ మామూలుగా కనబడుతుందన్నాడు. రేపే చేయించుకోమంది భార్య. అప్పటికి టోర్నమెంటు నెత్తిమీదికి వచ్చేసింది. ఇప్పుడు చేయించుకుంటే ఈ ఏడు దుమ్ములోకి వెళ్లనివ్వరు, వచ్చే ఏడు ఎలాగూ లేదు. టోర్నమెంటు కానిచ్చి మర్నాడే చేయించుకుంటానని రెప్పయ్య మొండికేశాడు.

"అయితే మన పిల్లకి చెప్పండి. కుర్చీలో కూర్చునేది అది" అంది భార్య.

చెబితే తనని గీత దగ్గరికి రానివ్వదని ఆయనకు తెలుసు. చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ ఒట్టైతే వేసింది గానీ, ఆ వారమంతా ఆయనకి వడ్డించే గరిట చప్పుడు మారిపోయింది.

టోర్నమెంటు మొదలైంది. రెప్పయ్య గీత వెనక వంగాడు. ఎదురుగా కోర్టు లేదు, ఎర్రటి సరస్సు ఉంది. అందులో తెల్లటి మనుషులు అడుగుల చప్పుడు లేకుండా ఇటూ అటూ ఈదుతున్నారు. బంతి దూదిపింజలా ఎగిరొచ్చి, నేలని తాకకుండానే మళ్లీ పైకి తేలుతున్నట్టుంది. మరొకడైతే పారిపోయేవాడు. ఈయన మాత్రం చెవులు రిక్కించాడు. మట్టి మీద పడ్డ బంతి చప్పుడు వేరు, గీత మీద పడ్డ బంతి చప్పుడు వేరు. పడ్డాక ఆటగాడు ఆగాడా, పరిగెత్తాడా అన్నది ఇంకో ఆనవాలు. అలా చెవులతో, అలవాటుతో, కొంత అదృష్టంతో ఆయన రోజులు నెట్టుకొచ్చాడు. ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఆయనకే, ఈ మసకలోనే తను ఇంకా బాగా చూస్తున్నానేమో అనిపించసాగింది. కలలో ఉన్నవాడికి తను కలలో ఉన్నట్టు ఎవరు చెబుతారు?

సెమీఫైనల్ నాడు గాలి లేదు. ఎండ వాలుగా దిగి కోర్టు మీద పరుచుకుంది. ఒకవైపు ఎడంచేతి వాటం కుర్రాడు, పక్షిలా తేలికైనవాడు. రెండోవైపు గట్టిగా బాదే పొడుగాటి మనిషి. మేనకోడలు కుర్చీలో ఉంది. ఆయనకి ఆమె ఎత్తున అంటిన తెల్లటి మరకలా కనబడుతోంది, గొంతు మాత్రం గంటలా వినబడుతోంది. మొదటి సెట్టు బిగుసుకుపోయి, ఒక్క పాయింటు మీదికి వచ్చింది. ఎడంచేతి కుర్రాడు కొట్టిన బంతి రెప్పయ్య గీత మీదికి దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్క కోర్టులో ఎవరో గెలిచి, జనం ఒక్క పెట్టున చప్పట్లు కొట్టారు.

బంతి చప్పుడు ఆ గోలలో కలిసిపోయింది. రెప్పయ్యకి అది కనబడలేదు, వినబడలేదు. ఇలాంటప్పుడు లైన్ అంపైరు చెయ్యాల్సిన సైగ ఒకటుంది. రెండు అరచేతులూ కళ్లకి అడ్డం పెట్టుకోవాలి. నేను చూడలేదు, మీరే తేల్చుకోండి అని దానర్థం. అందులో తప్పేమీ లేదు, ఎంతటివాళ్లయినా ఎప్పుడో ఒకప్పుడు చేస్తారు. రెప్పయ్య ఆ సైగ తన జన్మలో చెయ్యలేదు. ఆ రోజూ చెయ్యలేదు. చెయ్యి చాపి "అవుట్" అని అరిచాడు.

కుర్రాడు రాకెట్‌తో మచ్చ చుట్టూ సున్నా గీసి, కుర్చీ వైపు చూశాడు. మేనకోడలు నిచ్చెన దిగి వచ్చింది. గీత పక్కన దగ్గర దగ్గరగా రెండు మచ్చలున్నాయి. ఏదని ఆమె మామయ్య వైపు చూసింది. ఆయన ఎర్రటి మసకలోకి చెయ్యి చాపి, గీతకి దూరంగా ఉన్నదాన్ని చూపించాడు. ఆమె కుర్రాడు సున్నా గీసినదాన్ని వంగి చూసింది. మామయ్య చూపించినదాన్ని వంగి చూసింది. మళ్లీ మొదటిదాన్ని చూసింది. తర్వాత నిలబడి చూపుడువేలు పైకెత్తింది. అవుట్. సెట్టు పొడుగాటి మనిషిది. కుర్రాడు రెండు చేతులూ గాల్లోకి ఎత్తి ఏదో అని, తన బెంచీ మీద తువ్వాలు విసిరికొట్టాడు. ఆ కసితోనే కాబోలు తర్వాతి రెండు సెట్లూ గెలిచి ఫైనల్‌కి వెళ్లాడు. దాంతో గొడవ సద్దుమణిగింది.

రెప్పయ్యకి మాత్రం సద్దుమణగలేదు. అంపైర్ల గదిలో బల్ల మీద కూర్చుని, మేజోళ్లు విప్పి గోడకేసి కొడుతున్నాడు. ఎర్రటి దుమ్ము రాలుతోంది. మిగతావాళ్లు వెళ్లిపోయారు. మేనకోడలు వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఫైనల్ కుర్చీ తనకే ఇచ్చారని చెబుతుందనుకున్నాడు. ఆ మాట చెప్పింది కూడా. అయినా ఆమె గొంతులో పండగ లేదు.

"ఆ సెట్టు బంతి మచ్చ చూశాను మామయ్యా" అంది. "గీతని తాకింది."

రెప్పయ్య చేతిలో మేజోడు ఆగిపోయింది. "మరి వేలెందుకు ఎత్తావ్?"

"నువ్వు అవుట్ అన్నావుగా. నువ్వు చూపించిన మచ్చ పాతదిలా ఉంది, అంచులు ఎండిపోయి ఉన్నాయి. అయినా నువ్వు చూపించావు కదా అని నా కన్నే పొరపడిందనుకున్నాను. అక్కడే కాదు, ఎక్కడ కుర్చీలో కూర్చున్నా నాకదే అనుమానం. మామయ్యయితే ఏమనేవాడు అనుకుంటాను." ఆమె ఆయన పక్కన కూర్చుంది. "మట్టి తప్పు చెబుతుందేమో గానీ నీ కన్ను చెప్పదన్నావు కదా, చిన్నప్పుడు. నువ్వు ఇవాళ చూశావు కదూ? నాకది తెలిస్తే చాలు."

ఆ మాట ఎప్పుడన్నాడో రెప్పయ్యకి గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. తను మర్చిపోయిన ఒక నవ్వులాట మాటని నమ్ముకుని ఈ పిల్ల ఇన్నేళ్లుగా తన కళ్లని తనే నమ్మకుండా బతికిందని ఆయనకి అప్పుడర్థమైంది. అవునమ్మా చూశాననడం ఎంతో తేలిక. అంటే పిల్ల నిశ్చింతగా ఇంటికి వెళుతుంది, ఆయన ఫైనల్‌లో గీత దగ్గర నిలబడతాడు. మాట పెదవుల దాకా వచ్చింది కూడా.

ఆయన మేజోడు కింద పెట్టాడు. రెండు అరచేతులూ ఎత్తి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎప్పటినుంచి అని అడిగింది. చలికాలం నుంచి అన్నాడు, చేతులు దించకుండానే. అత్తయ్యకి తెలుసా అంది. తెలుసన్నాడు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. లేచి గోడ దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. చివరికి ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది. ఆ కళ్లలోకి దగ్గరగా చూస్తే నల్లగుడ్డు మీద పాలపొర లాంటిది ఆమెకు స్పష్టంగా కనబడింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మొహమే. ఎన్నడూ చూడలేదు. అప్పుడు ఏడ్చింది.

ఇద్దరూ కలిసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లారు. రెప్పయ్య తన కళ్ల సంగతి చెప్పి, తప్పంతా తనదేనన్నాడు. ఆమె, కాదు, నేను చూసి కూడా చూసినట్టు చెప్పలేదంది. సూపర్‌వైజరు ఇద్దర్నీ మందలించలేదు, ఓదార్చలేదు. రెప్పయ్యని టోపీ అక్కడ పెట్టి వెళ్లమన్నాడు. ఆమెతో, ఫైనల్ కుర్చీ నీదే, కానీ నీ పేరు పైకి పంపించేదీ లేనిదీ ఆ ఆట చూశాకే అన్నాడు. రెప్పయ్య టోపీ బల్ల మీద పెట్టాడు. దాని లోపలి పట్టీ నిండా ఏళ్ల తరబడి పట్టిన ఎరుపు. చేతులు దులుపుకున్నా పోలేదు.

ఫైనల్ నాడు భార్య కొట్టు మూసేసింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. కొట్టెవరు చూస్తారని ప్రతిసారీ అనేది. ఇప్పుడు ఇద్దరూ దిళ్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆయనకి ఎదురుగా ఎర్రటి వెలుగు తప్ప ఏమీ లేదు. అది ఒకచోట ఆగకుండా వేడిగాలిలో మెల్లగా ఊగుతోంది. ఆ వెలుగులో ఏం జరుగుతోందో ఆవిడ చెబుతోంది. ఆట గురించి ఆవిడకి ఆవగింజంత కూడా తెలియదు. అందువల్ల ఎవరు గెలుస్తున్నారో తప్ప మిగతావన్నీ చెప్పింది. ఎడంచేతి అబ్బాయి తువ్వాలుతో పళ్లు కూడా తుడుచుకుంటున్నాడనీ, అవతలి గడ్డపాయన బంతిని నేలకేసి కొట్టి కొట్టి మనల్ని విసిగిస్తున్నాడనీ, మన పిల్ల మాత్రం ఈ గోలలో కూడా నీడలో కూర్చున్నట్టుందనీ చెప్పింది. రెప్పయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. రెప్పలు మూసుకుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

జనమంతా ఎడంచేతి కుర్రాడి పక్షాన ఉన్నారు. నిన్న వాడికి అన్యాయం జరిగిందని క్లబ్బంతా చెప్పుకుంటోంది. వాడు కొట్టిన ప్రతి బంతికీ చప్పట్లే. ఆఖరి సెట్టులో, ఆట కత్తి అంచు మీద ఉండగా, వాడు కొట్టిన బంతి నిన్నటి గీత దగ్గరే పడింది. రెప్పయ్య ఆ చప్పుడు విన్నాడు. గీత మీద పడ్డ చప్పుడే. చెవి చెప్పగానే ఆయన చేతులు వాటంతటవే మోకాళ్ల ముందుకి వచ్చి, అరచేతులు కిందికి పరుచుకున్నాయి. లోపల. గీత దగ్గర నిలబడ్డ లైన్ అంపైరు, రిటైరైన డ్రాయింగు టీచరమ్మ, ఆవిడ కూడా అలాగే చేతులు కిందికి చాపింది. జనం లేచి నిలబడి కేకలు పెట్టారు.

గడ్డపాయన ఆట ఆపేశాడనీ, నేల చూపిస్తున్నాడనీ భార్య చెప్పింది. మన పిల్ల దిగుతోంది అంది. నడుస్తోంది, వంగింది, టీచరమ్మ ఏదో చూపిస్తోంది అంది. నిన్న చేసిన తప్పుకి ఇవాళ సర్దుబాటు చేస్తుందిలే అని వెనక ఎవరో పెద్దగానే అన్నారు. అదెంత తేలికో రెప్పయ్యకి తెలుసు. టీచరమ్మ మాట ఉంది, జనం ఉన్నారు, నిన్నటి బాకీ ఉంది. ఆమె ఊరికే తల ఊపి నిచ్చెన ఎక్కేస్తే చాలు, క్లబ్బంతా చప్పట్లు కొడుతుంది. సూపర్‌వైజరు ఎక్కడో కూర్చుని చూస్తున్నాడు.

"అవుట్" అంది మేనకోడలు. గొంతు చించుకోలేదు. అయినా ఆ మూల నుంచి ఈ మూల దాకా వినబడింది.

జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఈలలు, అరుపులు, బెంచీల మీద కాళ్లతో తన్నడం. రెప్పయ్య తన ఒళ్లోకి తలవంచాడు. కిందికి పరుచుకుని ఉన్న తన అరచేతులు కనబడ్డాయి, మసగ్గానే అయినా. వాటిని తీసేశాడు. కుడిచెయ్యి పక్కకి బారుగా చాపి, ఎవరూ చూడకపోయినా, అలాగే ఉంచాడు.

"ఆ ఎడంచేతి అబ్బాయి కోపంగా వస్తున్నాడండీ" అంది భార్య, ఆయన చొక్కా పట్టుకుని. "మచ్చ దగ్గరికే. వంగి చూస్తున్నాడు. ఏమీ అనట్లేదు. కాలితో చెరిపేశాడు. వెళ్లిపోతున్నాడు. చెరిపితే ఏమిటి?"

"ఒప్పుకున్నాడని."

జనం గోల అప్పుడప్పుడే తగ్గుతోంది. ఆవిడ ఆయన చాచిన చెయ్యి వైపు చూసింది. పక్కనున్నాయన టోపీ ఆ చేతికి అడ్డమొచ్చి వంకరైపోయింది.

"అంత దూరం నుంచి అది అవుటని మీకెలా తెలిసిందండీ?"

"నాకు తెలియలేదు. నాకైతే లోపలే అనిపించింది" అన్నాడు రెప్పయ్య. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన తప్పు ఒప్పుకోవడమే ఆవిడ ఎరగదు, ఇంత సంతోషంగా ఒప్పుకోవడం అసలే ఎరగదు.